కాటా బాబాయి కూర్చున్న పెట్టె

కూర్చుని తినేవాళ్ళు లోకంలో బోలెడంతమంది ఉన్నారు. కూర్చున్నందుకే జీతం పుచ్చుకున్నవాడు మాత్రం, వెతికి చూసినా, కాటా బాబాయి ఒక్కడే దొరుకుతాడు. సోమరిపోతు అనుకునేరు, అదేం కాదు. ఆయన కూర్చుంటేనే లారీలు కదిలేవి. ఆయన లేచి తల ఊపితేనే రెండు కంపెనీలు ఊపిరి పీల్చుకునేవి.

ఆ రెండిట్లో ఒకటి అట్టపెట్టెల ఫ్యాక్టరీ. దాని యజమానురాలిని అందరూ ఫ్యాక్టరీ మేడం అంటారు. రెండోది రవాణా కంపెనీ. దాని యజమాని లారీల సారు. జనం ఇల్లు మారినా, ఆఫీసు మారినా సామాను పెట్టెల్లో సర్ది, లారీకెక్కించి, కావాలంటే నెలా రెండు నెలలు గోదాములో దాచి, చేరవలసిన చోటికి చేర్చడం ఆయన వ్యాపారం. సారు సామాను సర్దడానికి మేడం పెట్టెలే కొనాలి. మేడం పెట్టెలు ఎక్కడికి వెళ్ళినా సారు లారీల్లోనే వెళ్ళాలి. ఇదీ వాళ్ళ ఒప్పందం. ఇరవై ఒక్కేళ్ళుగా మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతోంది. బాబాయి సారు మనిషి, కానీ పగలంతా ఉండేది మేడం ఫ్యాక్టరీలో. అత్తింట్లో ఇల్లరికపు అల్లుడున్నట్టు అక్కడే ఉండిపోయాడు.

ఇరవై ఒక్కేళ్ళ కిందట ఆ ఇద్దరూ మొదటిసారి బేరానికి కూర్చున్న గదిలో కుర్చీలు రెండే ఉన్నాయి. సారు వెంట వచ్చిన లోడింగ్ మేస్త్రీ మన బాబాయి. నిలబడీ నిలబడీ కాళ్ళు లాగి, మూలనున్న నమూనా పెట్టె మీద చతికిలబడ్డాడు. ఎవరో టీ చేతికిచ్చారు. తాగాడు. అటు బేరం ఎంతకీ తెగడం లేదు. ఉన్నట్టుండి సారు చూపు ఆయన మీద పడింది.

"ఏమయ్యా, ఆ పెట్టెలో ఏముంది?"

"ఏం లేదు సార్. ఖాళీది."

"ఖాళీ పెట్టె మీద కూర్చున్నావా? టీ అంతా తాగావా? అది కుంగలేదూ?"

సారు లేచి వచ్చి, వంగి పెట్టె నాలుగు మూలలూ చూశాడు. ఆ తర్వాత బేరమాడలేదు. మా మనిషి కూర్చుని టీ తాగినా కుంగని పెట్టె అయితే చాలు, జన్మంతా మీ దగ్గరే కొంటానన్నాడు. మేడం ఆ మాటను అలాగే ఒప్పందంలో రాయించింది. మూడో పేరా. 'ప్రతి కొత్త దఫా సరుకులోనూ ఒక ఖాళీ పెట్టె మీద రవాణా కంపెనీ మనిషి కూర్చుని ఒక టీ తాగవలెను. టీ అయ్యేవరకు పెట్టె కుంగరాదు.' ఆ మనిషి ఎవరో రాయలేదు. ఎంత బరువుండాలో అసలే రాయలేదు. రాయాలని ఎవరికి తడుతుంది? మనిషంటే బాబాయే కదా.

బాబాయి బరువు అప్పుడు తొంభై ఆరు కిలోలు. ఎండలొచ్చినా వానలొచ్చినా ఆ తొంభై ఆరు తొంభై ఆరే. కాటా అనే పేరు అందుకే వచ్చింది. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. పొద్దున పదింటికి దొంతరలోంచి తనే ఒక అట్ట లాగేవాడు. పైదీ కాదు, కిందదీ కాదు, నడిమిది. దాన్ని పెట్టెగా మడిచి, అడుగున టేపు వేసి, నేల మీద నిలబెట్టి, నెమ్మదిగా కూర్చునేవాడు. క్యాంటీన్ అక్క పొగలు కక్కే టీ తెచ్చేది. టీ అయ్యాక లేచి, పెట్టె మూలలు వేలితో తడిమి, "వెళ్ళనివ్వండి" అనేవాడు. పెట్టె కుంగిన రోజు ఏమీ అనేవాడు కాదు, లేచి బట్టలు దులుపుకునేవాడు. ఆ దఫా అంతా మళ్ళీ ముక్కలై గుజ్జులోకి పోయేది.

ఫ్యాక్టరీ ఫోర్‌మన్‌కి ఈ తతంగం కంట్లో నలుసు. ఒకసారి అట్ట సరిగ్గా అతకలేదని ముందే తెలిసి, క్యాంటీన్ అక్కను బతిమాలి చల్లారిన టీ పంపించాడు. చల్లటి టీ అయితే రెండు గుక్కల్లో అయిపోతుంది, పెట్టెకు కుంగే తీరిక ఉండదని లెక్క. బాబాయి గ్లాసు పట్టుకున్నాడు, పెదవికి తాకించాడు, తిరిగి ట్రేలో పెట్టేశాడు.

"ఇది టీ కాదు, రంగునీళ్ళు. పరీక్ష చెల్లదు. వేడిది తెండి."

వేడిది వచ్చింది. నాలుగో గుక్కకి పెట్టె కుంగింది. ఫోర్‌మన్ ముఖం మాడిపోయింది. ఆ కథ ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు చెప్పుకున్నారు, చెప్పినప్పుడల్లా టీ ఇంకాస్త చల్లబడేది.

ఇలా కడుపులో చల్ల కదలకుండా నడుస్తున్న ఉద్యోగానికి చిక్కు ఇంటి నుంచి వచ్చింది. ఒక రోజు బాబాయి మూడో అంతస్తులోని ఇంటికి మెట్లెక్కుతూ రెండో అంతస్తులో కూలబడిపోయాడు. డాక్టరు గుండె పరీక్ష చేసి, ఆయనతో కాదు, ఆయన భార్యతో మాట్లాడాడు. ఇరవై కిలోలు తగ్గకపోతే ఈసారి రెండో అంతస్తు దాకా కూడా రాడన్నాడు.

పిన్నిగారు నడుం బిగించింది. ఆవిడ నడుం బిగిస్తే ఏమవుతుందో ముప్ఫయ్యేళ్ళ కాపురంలో బాబాయికి బాగా తెలుసు. వంటింట్లో పెద్ద గరిటెలు అటకెక్కాయి. కొలిచి పెట్టడానికి చిన్న గిన్నె ఒకటి వచ్చింది. సాయంత్రం నడక. పొద్దున మళ్ళీ నడక. ఆదివారం కదా అంటే, ఆదివారం గుండెకి సెలవుందా అని అడిగింది. మొదటి నెల బాబాయికి తల ప్రాణం తోకకు వచ్చింది. నాలుగో నెలకి బెల్టుకు కొత్త రంధ్రాలు పడ్డాయి. పది నెలలయ్యేసరికి ప్యాంటు ఆయనది కాదేమో, ఎవరైనా అరువిచ్చారేమో అన్నట్టు వేలాడింది. మెట్లు మాత్రం ఎక్కడా ఆగకుండా ఎక్కేస్తున్నాడు. ఫ్యాక్టరీలో ఎదురైనవాళ్ళంతా "బాబాయ్, కుర్రాడివైపోయావు!" అంటుంటే, కాదు కాదంటూనే ఇంకోసారి అనిపించుకునేవాడు. క్యాంటీన్ అక్క అంది, ఫోర్‌మన్ అన్నాడు, మేడం అంది. కాటా తేలికైపోతోందని మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

అదే కాలంలో ఫోర్‌మన్ అట్ట చేయడానికి ఒక కొత్త రకం కాగితం పట్టుకొచ్చాడు. పాతదానికన్నా పలుచన. ఇదేం ఆగుతుందిలే అనుకుంటూనే పెట్టె చేయించాడు. బాబాయి కూర్చున్నాడు, టీ తాగాడు, లేచాడు. పెట్టె రాయిలా నిలబడింది. వచ్చే నెల ఇంకా పలుచనిది తెచ్చాడు. అదీ నిలబడింది. ఫోర్‌మన్ ఆనందానికి పట్టపగ్గాలు లేవు. మేడం అందరి ముందూ అతన్ని మెచ్చుకుంది.

"నీ కాగితం బంగారమయ్యా," అని బాబాయి కూడా భుజం తట్టాడు.

తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి. గోదాములో ఆరు వరసలు పేర్చితే కింది వరస అప్పచ్చి అయిపోయిందని ఒకటి. ఒక లెక్చరరు గారి పుస్తకాల పెట్టెలు ఆయన కళ్ళ ముందే నడుం విరిగి కూలబడ్డాయని ఒకటి. ఓ పెద్దావిడ గాజు సామానైతే బయల్దేరినప్పుడు డెబ్బై రెండు, చేరినప్పుడు లెక్కపెట్టడానికి వీల్లేనన్ని. మీ పెట్టెలు చచ్చుపెట్టెలని సారు ఉత్తరం రాశాడు. మీ మనిషే కూర్చున్నాడు, మీ మనిషే వెళ్ళనివ్వమన్నాడు, మీ డ్రైవర్లు గుంతలు చూసి నడపరా అని మేడం జవాబు రాసింది. ఫోన్లో పేరు కనబడితే నవ్వుకుంటూ ఎత్తే ఇద్దరూ ఉప్పూ నిప్పూ అయ్యారు. మధ్యలో బాబాయి అడకత్తెరలో పోకచెక్క. సారు అడిగితే "పెట్టెలు గట్టివే సార్, నేను కూర్చున్నానుగా" అన్నాడు. అయితే తప్పు లారీలదేనన్నమాట అని మేడం అడిగితే, "మా డ్రైవర్లు పసిపిల్లల్ని మోసినట్టు తెస్తారమ్మా" అన్నాడు. రెండూ నిజమేనని నమ్మాడు. ఇరవై ఒక్కేళ్ళ తన అనుభవం మీద ఒట్టేసి మరీ చెప్పాడు.

చివరికి వచ్చే శనివారం పదకొండింటికి ఫ్యాక్టరీలోనే కూర్చుని తాడో పేడో తేల్చుకోవాలనుకున్నారు. తేలేది ఏమిటో అందరికీ తెలుసు. ఒప్పందం చింపేస్తారు. ఒప్పందం చిరిగితే మూడో పేరా చిరుగుతుంది. మూడో పేరా లేకపోతే బాబాయికి ఏ ఫ్యాక్టరీలోనూ కూర్చునే చోటు లేదు.

ఆ ఆదివారం నడక నుంచి వస్తూ పిన్నిగారు ఆయన్ని మందుల షాపులో కాటా ఎక్కించింది. ముల్లు డెబ్బై ఆరు దగ్గర ఆగింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"చూశారా! డాక్టరు గారు చెప్పినట్టే సరిగ్గా ఇరవై. ఇరవై కిలోలంటే ఏంటనుకున్నారు? ఇన్నాళ్ళూ నడినెత్తిన ఓ మూట మోసినట్టే. ఇవాళ్టితో దించేశాం."

బాబాయి కాటా మీద నుంచి దిగలేదు. మూట దించింది నెత్తి మీద నుంచి సరే. పెట్టె మీద నుంచి కూడా దించేశాం కదా! పది నెలలుగా తను కూర్చుంటున్నది పెట్టె మీద కాదు, అబద్ధం మీద. గుండెల్లో రాయి పడింది. డాక్టరు ఉంటే మళ్ళీ పరీక్ష చేసేవాడే.

ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. చెబితే, ఇరవై ఒక్కేళ్ళ ఒట్టు గట్టున పడేసినట్టవుతుంది. చెప్పకపోతే రెండు కంపెనీలు విడిపోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. భయపడ్డ మనిషికి వచ్చే ఉపాయం తెలివైనది కాదు కదా. శనివారంలోగా ఇరవై కిలోలు పెరిగితే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదనిపించింది ఆయనకి. రోజూ బస్తాలు తూచే ఏ పిండి మిల్లు మనిషినైనా అడిగితే, ఆరు రోజుల్లో అంత బరువు మనిషికి ఎక్కదని చెప్పేవాడు. బాబాయి అడగలేదు. సోమవారం బ్రెడ్డూ వెన్నా తిన్నాడు. మంగళవారం మధ్యాహ్నం క్యాంటీన్లో రెండు భోజనాలు చేశాడు. బుధవారం అరడజను ఉడికించిన గుడ్లు సంచీలో దాచుకుని, ఇంటి మెట్ల మీదే కూర్చుని మూడు మింగేశాడు. నాలుగోది నోట్లో ఉండగా పై నుంచి పిన్నిగారు చెత్తబుట్ట పట్టుకుని దిగింది.

ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాబాయి తట్టుకునేవాడు. పక్క మెట్టు మీద కూర్చుని, ఆయన గుడ్డు మింగేవరకు ఆగింది.

"ఏమైందో చెప్పండి."

అంతా చెప్పాడు. పెట్టె, ఇరవై కిలోలు, శనివారం, అన్నీ.

"అందుకని తింటున్నారా?"

"మరేం చెయ్యమంటావు? వాళ్ళకి తొంభై ఆరు కిలోలు కావాలి."

"వాళ్ళకి తొంభై ఆరు కావాలి. నాకు మీరు కావాలి," అంది పిన్నిగారు. "ముప్ఫయ్యేళ్ళు మనిషితో కాపురం చేశాననుకున్నాను. మీరు మనిషా, కాటానా, తేల్చుకోండి. కాటా అయితే ఆ ఫ్యాక్టరీలోనే పడుకోండి."

మిగిలిన రెండు గుడ్లూ ఆవిడే తినేసింది.

శనివారం లారీలకి సరుకెక్కించే షెడ్డులో బల్ల వేశారు. ఒక వైపు మేడం, ఆవిడ వెనక ఫోర్‌మన్. ఇంకో వైపు సారు. బల్ల మీద ఒప్పందం. సారు దాన్ని తిప్పుతున్నాడు గానీ చదవడం లేదు. మేడం కిటికీ వైపు చూస్తోంది. ఇద్దరికీ చింపాలని లేదు, ఇద్దరికీ ముందు నోరు తెరవాలనీ లేదు. బాబాయి ముందుకు వచ్చాడు.

"ఒక్క మాట. తప్పు పెట్టెలది కాదు. లారీలదీ కాదు. నాది."

"నీదేంటి బాబాయ్?" అన్నాడు సారు.

"నేను ఇరవై కిలోలు తగ్గాను సార్."

"మంచిదే కదా," అనేసింది మేడం అలవాటుగా. అనేశాక ఆగిపోయింది. మెల్లగా తల తిప్పి, షెడ్డులో పేర్చిన పెట్టెల వైపు చూసింది. సారూ చూశాడు. ఇరవై ఒక్కేళ్ళ వ్యాపారం ఎవరి మీద నిలబడిందో అప్పుడు అర్థమై, ఇద్దరూ నోళ్ళు వెళ్ళబెట్టారు.

ముందు తేరుకున్నది సారు.

"ఓస్, ఇంతేనా! మళ్ళీ పెరుగు. తిండి కంపెనీ చూసుకుంటుంది."

"పెరగను సార్." ఆ మాట అంత గట్టిగా వస్తుందని బాబాయే అనుకోలేదు. "ఉద్యోగం పోయినా సరే. మా ఆవిడ పది నెలలు కష్టపడి నన్ను బతికించుకుంది. ఆ కష్టం నేను తినేయలేను."

"ఇదంతా కథ మేడం," అన్నాడు ఫోర్‌మన్. తన బంగారు కాగితం చేజారిపోతోందని అతని బాధ. "పెట్టె గట్టిదని ఈయనే అన్నాడు. ఇప్పుడు లారీల తప్పు కప్పిపుచ్చడానికి మాట మారుస్తున్నాడు."

బాబాయి షెడ్డు మూలకి చెయ్యి చూపించాడు. అక్కడ చిత్తుకాగితం తూచే పాత కాటా పక్కన తూకం రాళ్ళున్నాయి. ఇరవై కిలోల రాయి తెమ్మన్నాడు. దొంతర నడుమ నుంచి అట్ట లాగి, మడిచి, టేపు వేసి, పెట్టె నిలబెట్టి కూర్చున్నాడు. రాయిని ఒళ్ళో పెట్టించుకున్నాడు. క్యాంటీన్ అక్క పొగలు కక్కే టీ ఇచ్చింది. షెడ్డులో పని చేసేవాళ్ళంతా చేతిలో పని వదిలేసి చుట్టూ మూగారు.

మొదటి గుక్క. ఏమీ కాలేదు. ఫోర్‌మన్ మీసం సవరించుకున్నాడు. రెండో గుక్క. పెట్టె మూలిగింది. మూడో గుక్క గొంతు దిగకముందే ఒక మూల మడత పడింది, దాని వెంట రెండోది. బాబాయి, రాయి, టీ కలిసి నేల మీదికి వచ్చాయి. టీ చొక్కా మీద ఒలికింది. రాయిని మాత్రం పసిబిడ్డను పట్టుకున్నట్టు వదల్లేదు. సారు ఫక్కున నవ్వాడు. మేడం నవ్వాపుకోలేక ఒప్పందం కాగితం ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని మరీ నవ్వారు. నెలల తర్వాత వాళ్ళిద్దరూ ఒకే విషయానికి నవ్వడం అదే.

అప్పుడన్నాడు ఫోర్‌మన్, కడుపుమంటతో.

"సరే మేడం, కాగితం తప్పే. ఒప్పుకుంటాను. కానీ రాయితో పనైపోతోంది కదా. తొంభై ఆరు కిలోల రాళ్ళు పెట్టె మీద పెడితే చాలు. ఇంక ఈయనెందుకు?"

నవ్వులు ఆగిపోయాయి. ఇరవై ఒక్కేళ్ళుగా ఆ రాళ్ళు ఆ మూలే ఉన్నాయి. పెట్టె మీద రాయి పెట్టొచ్చని ఇన్నాళ్ళూ ఒక్కరికీ తోచలేదు. బాబాయి కిందపడ్డప్పుడు తగలని దెబ్బ ఇప్పుడు తగిలింది. ఇన్నేళ్ళూ తను చేసింది ఒక రాయి చేసే పనా? సారు వైపు చూశాడు. సారు రాయి వైపు చూస్తున్నాడు, లోపల ఏదో లెక్క వేసుకుంటూ.

మేడం కుర్చీలోంచి లేచింది.

"రాళ్ళే పెడదాం. బాగానే ఉంది. రేపెవరో పెద్ద రాయి తీసేసి చిన్నది పెడతారు. చల్లటి టీ పంపిన వాళ్ళున్న ఫ్యాక్టరీ ఇది, నాకు తెలియదనుకోకు. అప్పుడు ఆ రాయి లేచి వచ్చి, మేడం, నేను ఇరవై కిలోలు తగ్గాను, తప్పు నాదని చెబుతుందా?"

సారు ఒప్పందం తన వైపు లాక్కుని, మూడో పేరాలో 'మనిషి' అన్న మాట పక్కన 'ఒళ్ళో తగినంత రాయితో' అని చేర్చి సంతకం పెట్టాడు. మేడం పెట్టింది. బాబాయి ఇంకా నేల మీదే ఉన్నాడు. ఒళ్ళో బరువు ఉంది కనక లేవలేకపోతున్నానన్నాడు. అసలు సంగతి, ఏడుపొస్తోంది, లేస్తే అందరికీ కనబడుతుందని.

సాయంత్రం మూడు అంతస్తులూ ఒక్క బిగిన ఎక్కి, వగరుస్తూనే పిన్నిగారికి మొత్తం చెప్పాడు. మేడం అన్న మాట రెండుసార్లు చెప్పాడు. ఆవిడ చొక్కా మీది టీ మరక చూస్తూ అంతా వింది.

"బాగుంది గానీ, ఇరవై కిలోల రాయి రోజూ మీరు ఎత్తుకోకూడదు. నడుం పట్టేస్తుంది."

"నేనెందుకు ఎత్తుతాను? తెచ్చి నా ఒళ్ళో పెట్టడానికి, టీ అయ్యాక తీసి మూలన పెట్టడానికి మేడం ఒక మనిషిని వేసింది."

"ఎవర్ని?"

"ఫోర్‌మన్‌ని."

"రోజూనా?"

"రోజూ పదింటికి."

పిన్నిగారు గోడకి చేరగిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత లోపలికి వెళ్ళి, ఆయనకి అన్నం కొలిచి పెట్టింది.